పాల కవర్ల దారి

మంటితో మనిషిని చేసిన దేవునికి ముందుగా స్తోత్రం. ఆయనకు మన్ను గురించి తెలియనిది లేదు. మన్ను గురించి నాలుగేళ్ళు చదివి, పరీక్షలు రాసి, ఏమీ తెలియకుండానే బయటికి రాబోతున్న ఒక పిల్లను ఆయన చేయి పట్టుకుని బురదలో నడిపించాడు. ఆ పిల్ల నేనే. జరిగింది చెప్పేముందు ఆయన పేరు తలచుకోకపోతే, ఇందులో మంచిగా జరిగినదంతా నా తెలివి వల్లే జరిగిందని మీరు అనుకునే ప్రమాదం ఉంది. (చదవడం పూర్తయ్యాక ఆ ప్రమాదం ఎటూ ఉండదు.)

ఆ రోజుల్లో పాల కవరును ఎవరూ పారేసేవాళ్ళు కాదు. తొంభైలలో నేను పుంగనూరుకు బస్సెక్కి బడికి పోయే కాలంలో, మా ఇంట్లో కవరు మూల కత్తిరించి, పాలు గిన్నెలో పోసి, కవరును రెండుసార్లు నీళ్ళతో తొలిపి, బట్టలతో పాటు దండెం మీద క్లిప్పు పెట్టి ఆరేసేవాళ్ళు. ఆరిన కవరులోకి ఉప్పు, మిరపపొడి, ఊరికి పోయే చుట్టాల చేతికి ఊరగాయ, వాన రోజుల్లో ఆరాధనకు తీసుకుపోయే నా పాటల పుస్తకం, అన్నీ దూరేవి. నేను కాలేజీకి వచ్చేసరికి, అంటే రెండు వేల సంవత్సరం దాటాక, కవర్లు పెరిగిపోయి దండేలు చాలకుండా పోయాయి. బస్టాండు వెనక కంప చెట్లకు తెల్లగా, నీలంగా వేలాడుతుంటే, దూరం నుంచి చూసినవాళ్ళకు చెట్టు పూత పట్టినట్టు కనిపించేది. ఇదంతా జరిగేటప్పటికి నా వయసు ఇరవై ఒకటి. ఆ వయసులో మనిషికి ఉండే విశ్వాసం సగం దేవుడి మీద, సగం తన మీద ఉంటుంది. ఏది ఏదో విడదీయడం ఆ మనిషికి చేతకాదు.

మదనపల్లె దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో సివిల్ ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. ఆడపిల్లవు, సివిల్ ఎందుకు తీసుకున్నావని సంఘంలో ఎవరైనా అడిగితే, చిన్నప్పుడు ఆదివారం బడిలో విన్న బండ మీది ఇల్లు, ఇసుక మీది ఇల్లు నా హృదయాన్ని తాకాయని చెప్పేదాన్ని. (కంప్యూటర్ సీటుకు నా ర్యాంకు చాలలేదన్నది కూడా నిజమే. సాక్ష్యంలో అన్నీ చెప్పాలని ఎక్కడుంది.) అయితే ఆ వాక్యంతో నాకొక చిక్కు ఉండేది. అందులో బండ ఉంది, ఇసుక ఉంది, బంకమన్ను లేదు. మా సంఘానికి దేవుడిచ్చింది బంకమన్ను.

మా ప్రార్థన మందిరం పుంగనూరు దాటాక మా పల్లె పక్కనే, ఎప్పుడో పూడిపోయిన కుంట అంచున, చౌకగా దొరికిన స్థలంలో ఉండేది. తారురోడ్డు నుంచి మందిరం గడప దాకా సుమారు నూరడుగుల దారి. ఎండాకాలంలో ఆ దారి నోళ్ళు తెరుచుకుని పగిలేది. అక్టోబరు వానలు పడగానే ఆ నోళ్ళన్నీ ఒక్కటై మా కాళ్ళు పట్టుకునేవి. ఆరాధన ముగిశాక పాస్టరుగారు ఆశీర్వాదం పలికి, ఆ తర్వాత ఎవరి చెప్పు ఎక్కడ దొరికిందో కూడా ప్రకటించేవారు. రెండు చెప్పులతో వచ్చి రెండు చెప్పులతో ఇంటికి చేరినవాళ్ళు దాన్ని కూడా స్తుతి అంశంగా చెప్పుకునేవాళ్ళు.

మేమంతా నవ్వుకుంటూనే నడిచేవాళ్ళం, మా జేజి జారిపడేదాకా. జేజి అంటే మా నాన్నకు అమ్మ. ఆ మందిరం పునాదికి రాళ్ళు మోసినవాళ్ళలో ఆమె ఒకతె. అంతకు ముందు ఏడాది వానల్లో ఆ దారిలోనే జారి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. నెలల తరబడి మంచంలో ఉండి, లేచి, కర్రతో ఇంట్లో, వీధిలో బాగానే తిరగసాగింది గాని ఆ నూరడుగులు మాత్రం ఆమెకు సముద్రమైపోయాయి. మా ఇల్లు తారురోడ్డుకు ఇవతల. అరుగు మీద కూర్చుంటే మందిరంలో పాటలు వినిపిస్తాయి. జేజి అక్కడి నుంచే పాడేది, సగం చరణం ఆలస్యంగా. మందిరంలో ఆమెన్ అన్నాక కూడా మా అరుగు మీద పాట ఇంకా నడుస్తూ ఉండేది. ఒక ఆదివారం సంఘం యువకులు నలుగురు ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి మోసుకుపోయారు. ఇంటికొచ్చాక కర్ర గోడకు ఆనించి చెప్పింది.

"నలుగురు మోసే దినం యాడికీ పోదు, అదే వస్తాది. దానికి ఇప్పట్నించే రిహార్సల్ యాల?"

(రిహార్సల్ అనే మాట ఆమెకు క్రిస్మస్ నాటకాల వల్ల తెలుసు.) ఆ తర్వాత ఇంకెవరూ కుర్చీ ఊసెత్తలేదు. ఆమె మనసంతా నవంబరులో వచ్చే కోత పండుగ మీద ఉంది. ఆ రోజు ప్రతి ఇంటివాళ్ళూ తమ తొలి పంటలో కొంత తెచ్చి మందిరంలో దేవుని ముందు పెడతారు. ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తారు. జేజి ప్రతి ఏడూ మా వాకిట్లో కాచిన గుమ్మడికాయ ఒకటి తన చంకలో పెట్టుకుని తీసుకుపోయేది. ముందు ఏడు దాన్ని నాన్న పట్టుకుపోయాడు. ఈసారి నా కాళ్ళతో నేనే తీసకపోతా, కుదరకుంటే కాయను తీగమీదే ఉండనీ, అనేసింది. పండుగకు ఇంకా నెలన్నర ఉంది. వానలకు వారం కూడా లేదు.

సరిగ్గా అప్పుడే మా కాలేజీలో ఆఖరి సంవత్సరం ప్రాజెక్టులు ఇచ్చారు. మాకు మట్టి పరీక్షలు నేర్పే మాస్టారిని మేము రోకలి సార్ అనేవాళ్ళం. ఇనుప అచ్చులో మట్టి పోసి, ఎత్తు నుంచి సుత్తి జారవిడుస్తూ దంచడం ఆయన ల్యాబులో ముఖ్యమైన పని. చేయించే ఓపిక ఆయనకుండేది, చేసే ఓపిక మాకుండేది కాదు. ఆయన నాకిచ్చిన అంశం, పారేసిన ప్లాస్టిక్‌ను సన్నని పట్టీలుగా కత్తిరించి మెత్తని మట్టిలో కలిపితే ఆ మట్టి గట్టిపడుతుందా అన్నది. పట్టీలు మట్టి రేణువులను పట్టుకుని పక్కకు జారకుండా ఆపుతాయని ఆయన వివరిస్తుంటే నాకు ఒళ్ళు జలదరించింది. పరలోకం నుంచి నాకోసమే వచ్చిన జవాబనుకున్నాను. ఇంటికి పోయి జేజికి చెప్తే ఆమె కొంచెం కూడా ఆశ్చర్యపోలేదు. "మట్టిగోడకు గడ్డి తుంచి కలిపి తొక్కేది లేదా, అదే గదా పాపా ఇది" అంది. నా ఆఖరి సంవత్సరం అక్కడికక్కడే పూర్తయిపోయింది.

ఆ ఆదివారం నేను సాక్ష్యానికి లేచాను. దేవుడు నాకు దారి చూపించాడని చెప్పాను, అది నిజంగానే దారి అని కూడా చెప్పాను. కోత పండుగలోపు ఈ నూరడుగులను మా జేజి నడిచేటట్టు చేస్తానని, ప్రతి ఇంటివాళ్ళూ పాల కవర్లు కూడబెట్టి ఇవ్వాలని అడిగాను. పాస్టరుగారు సంతోషించి, ఐగుప్తులో గడ్డి లేకుండా ఇటుకలు చేయమన్నప్పుడు ప్రజలు పడిన కష్టం గుర్తు చేసి, మనకు గడ్డికి బదులు కవర్లు దొరికినందుకు ప్రార్థన చేశారు. సంఘమంతా ఆమెన్ అంది. సంఘం ముందు ఇచ్చిన మాటకు ఒక ఇబ్బంది ఉంది, వెనక్కి తీసుకోవాలంటే మళ్ళీ సంఘం ముందే లేవాలి. పైగా మైకు ఉంది. నేను ఇంటికి పోయేసరికి జేజి అరుగు దిగి వాకిట్లో నిలబడి, తీగమీది గుమ్మడికాయను తడిగుడ్డతో తుడుస్తోంది. ఆ తుడవడం చూశాక నాకు మొదటిసారి కొంచెం భయం వేసింది.

కవర్లు రాసాగాయి. చాలవనిపించి కుప్పంలో రైల్వే స్టేషను దగ్గర టీ అంగడి పెట్టుకున్న మా చిన్న మేనమామ దగ్గరికి పోయాను. ఆయన తన అంగడివి, చుట్టుపక్కల హోటళ్ళవి పోగుచేసి రెండు పెద్ద గోతాలు నింపాడు. "కడిగి ఎత్తకపో పాపా, నాలుగు దినాలకు వాసన పట్టుకుంటాది" అన్నాడు. మట్టిలో కలిపేదానికి కడగడం ఎందుకు మామా అని నవ్వాను. (ఈ నవ్వును గుర్తు పెట్టుకోండి.) గోతాలతో పలమనేరు బస్సెక్కితే కండక్టరు ముక్కు మూసుకుని, మూటలో ఏముండాదని అడిగాడు. "దారి ఉందన్నా" అన్నాను, ఆ రోజుల్లో అట్లాగే మాట్లాడేదాన్ని. ఆయన నావైపు జాలిగా చూసి లగేజీ టికెట్టు కొట్టాడు. జనం కిటికీలు తెరిచారు. పలమనేరు దాకా నా పక్క సీటు, ముందు సీటు, వెనక సీటు ఖాళీగానే వచ్చాయి. ఆ రూట్లో అంత సుఖంగా నేను మళ్ళీ ఎన్నడూ ప్రయాణం చేయలేదు.

మా పల్లెలో పోగైన కవర్లను కత్తిరించే పని స్త్రీల సమాజానికి అప్పగించాను. సమాజానికి పెద్ద మా బుట్టలత్త. మా ప్రాంతంలో ఏ ఇంట్లో వైరు బుట్ట ఉన్నా, రంగు రంగుల గళ్ళు గళ్ళుగా, పట్టుకుంటే ఇరవై ఏళ్ళు తెగని బుట్ట ఉందంటే అది ఆమె చేతిదే. చిటికెన వేలంత వెడల్పుగా కత్తిరించాలి అత్తా అని చెప్పాను. పొడుగెంత అని ఆమె అడిగింది. అది నేను వచ్చి చెప్తానని, బస్సు టైమైందని పరుగెత్తాను. పరీక్షలు, ల్యాబు, అన్నీ కలిసి మూడు వారాలు ఊరి మొహం చూడలేదు. ల్యాబులో అచ్చులో మట్టి పోసి, చిటికెడు పట్టీలు కలిపి దంచితే నిజంగానే మట్టి బిగిసింది. ఎక్కువ కలిపితే మట్టికి మట్టి తగలదు, ప్లాస్టిక్‌కు ప్లాస్టిక్ తగిలి జారిపోతుంది, ఉన్న బలం కూడా పోతుందని రోకలి సార్ బోర్డు మీద రాశారు. ఆయన అది రాస్తున్నప్పుడు నేను నోట్సులో, జేజి గుమ్మడికాయతో నడుస్తున్న బొమ్మ వేసుకుంటున్నాను.

పండుగకు వారం ముందు ఊరికి పోయి మందిరం వెనక గది తలుపు తీస్తే, పట్టీల గుట్ట లేదు. చాపలున్నాయి. తెల్ల గడి, నీలం గడి, అంచుకు ఎర్ర గీత, చుట్టలు చుట్టలుగా గోడకు నిలబెట్టి ఉన్నాయి. పొడుగెంతో నేను చెప్పలేదు కాబట్టి బుట్టలత్త కవరును అంచు నుంచి లోపలికి గుండ్రంగా తిప్పుతూ కత్తిరించిందట. అట్లా కత్తిరిస్తే ఒక్కో కవరు తెగకుండా ఒకే పొడుగాటి నాడా అవుతుంది. చేతిలో నాడా పడ్డాక ఆ చేతులు ఊరుకుంటాయా. అందరూ చేరి, ఆ నాడాలను సీకాయ నీళ్ళతో కడిగి, ఆరేసి, మధ్యాహ్నాలు పాటలు పాడుకుంటూ అల్లేశారు. నాకు ఏడుపు ముంచుకొచ్చింది. వేలెడు ముక్కలు కావాలి గదత్తా, మట్టిలో కలపాలి గదా అన్నాను.

"అంత నిగనిగలాడే పట్టీలు మే. మన్నులో కలిపేదానికి చేతులు రాలే" అంది బుట్టలత్త. "సాపలైతే పరుస్తాం, జేజమ్మ మిందనే నడిసిపోతాది."

బురద మీద చాప పరిస్తే చాపతో సహా జారిపడుతుందని చెప్పి, రేణువులు, రాపిడి అంటూ నేను చాలాసేపు ఇంజనీరింగ్ మాట్లాడాను. ఆమె ఓపికగా విని, నీ సదువు నీది, మా సాపలు మావి, యాడికీ పోవులే అని తలుపు దగ్గరికి వేసింది.

ఇక నాకు మిగిలింది కుప్పం గోతాలు. యువకులను కూర్చోబెట్టి రెండు సాయంత్రాల్లో ముక్కలు కొట్టించాను. మందిరం పక్క చేను ఒక రైతుది. మా సంఘం మనిషి కాదు, శనివారం కొండకు పోయే మనిషి. మదనపల్లె మార్కెట్టుకు టమాటా వేస్తాడు కాబట్టి ఊరంతా టమాటా మామ అనేవాళ్ళం. ఆయన ట్రాక్టరు తెచ్చి డబ్బులడగకుండా దారి దున్నిపెట్టాడు. పంట ఏం పెడతాండావు పాపా అని మాత్రం అడిగాడు. దున్నిన మట్టిలో నేను ముక్కలు కలిపాను. చిటికెడు కాదు, చేటలతో. ఆవగింజంత విశ్వాసం చాలని ప్రతి ఆదివారం చిన్నపిల్లలకు నేర్పేదాన్ని నేనే, ప్లాస్టిక్ విషయంలో మాత్రం ఆ మాట నాకు తట్టలేదు. ఇంత మంచి పనికి కొంచెం వేయడం పిసినారితనం అనిపించింది. కళ్ళంలో తిప్పే రాతి గుండుతో తొక్కించాక దారి నున్నగా, అక్కడక్కడా మెరుస్తూ కనిపించింది. గురువారం సాయంత్రం జేజి అరుగు మీద నుంచే చూసి, మిలమిలా అంటాండాది పాపా అని మురిసిపోయింది. రోకలి సార్‌కు ఫోన్ చేసి, శనివారం వచ్చి నా దారిని చూడమని పిలిచాను. ఆహ్వానించాను అనడం ఇంకా సరైన మాట.

శుక్రవారం తెల్లారి లేచి చూస్తే దారి మీద కుక్కలున్నాయి. మా పల్లె కుక్కలు, పక్క పల్లె కుక్కలు, ఎన్నడూ ఒకదాన్నొకటి చూసి మొరగకుండా ఉండనివి, ఆ రోజు ఐక్యంగా తవ్వుతున్నాయి. కడగని కవర్లలో పులిసిన పాల వాసన వాటికి ఎంత దూరం పోయిందో దేవుడికే తెలియాలి. నేను కర్ర పట్టుకుని తరుముతుంటే టమాటా మామ గట్టు మీద నిలబడి పండ్లు తోముకుంటూ చెప్పాడు.

"దారి శానా గట్టిగుండాది పాపా. కుక్కలు గాబట్టి తవ్వగలుగుతాండాయి, మనుసులకైతే అయ్యేది కాదు."

గుంతలు పూడ్చుకుంటుండగానే మధ్యాహ్నం వాన వచ్చింది. నేను చేటలతో పోసిన ముక్కలు నీళ్ళమీద చేపపిల్లల్లా తేలాయి. వాన తగ్గాక చూస్తే పాత బురదకు కనీసం అడుగున గట్టినేల ఉండేది, ఇది దూదిపరుపులా ఊగుతోంది, పైగా జారుతోంది. నా ధైర్యం కోసం పాస్టరుగారు తానే ముందు నడిచి చూస్తానన్నారు. నాలుగో అడుగులో కూర్చుండిపోయారు. స్తోత్రం అంటూ లేచారు. పడేటప్పుడు ఏమన్నారో సంఘంలో ఎవరూ గుర్తు చేసుకోలేదు. నేను ఇంటికి పోయి జేజి మొహం చూడకుండా లోపలికి నడిచాను. ఆమె గుమ్మడికాయను అప్పటికే కోసి, తొడిమకు చిన్న గుడ్డ కట్టి, గడప పక్కన పెట్టి ఉంచింది. దాన్ని దాటుకునే పోవాల్సి వచ్చింది.

రోకలి సార్‌ను రావద్దని చెప్పడానికి నాకు ధైర్యం చాలలేదు. శనివారం పొద్దున ఆయన మదనపల్లె నుంచి బస్సు దిగి, ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి, దారిలోకి దిగి, పిడికెడు మట్టి తీసుకుని పిండి చూశారు. మట్టికన్నా కవరే ఎక్కువ వచ్చింది. ఎంత కలిపావని అడిగారు. కొలవలేదు సార్, విశ్వాసంతో వేశాను అన్నాను. ఆయన కోప్పడలేదు. మందిరం వైపు ఒకసారి, బురద వైపు ఒకసారి చూపించారు.

"విశ్వాసం ఆడ ఉండనీ అమ్మా. ఈడ తూకం."

ఇరవై ఏళ్ళుగా నేను విన్న ప్రసంగాల్లో అంత చిన్నదీ, అంత బాగా గుర్తున్నదీ ఇంకొకటి లేదు. నాకు కన్నీళ్ళు ఆగలేదు. రేపు మా జేజి నడవాలి సార్ అని మాత్రం చెప్పగలిగాను. అప్పటికి బుట్టలత్త, వచ్చిన పెద్దమనిషిని నిలబెట్టి మాట్లాడతారా అని నన్ను కసిరి, మందిరం వరండాలో తన చాప ఒకటి పరిచి ఆయన్ను కూర్చోబెట్టి టీ ఇచ్చింది. ఆయన కూర్చున్నారు, టీ నోటిదాకా తీసుకుపోయారు, ఆగారు. గ్లాసు కింద పెట్టి చాపను అరచేత్తో రుద్దారు. అంచు పట్టుకుని లాగారు. లేచి నిలబడి, ఇద్దరు యువకులను పిలిచి చెరొక చివర పట్టుకుని బలంకొద్దీ లాగమన్నారు. చాప సాగలేదు, తెగలేదు. ఇట్లాంటివి ఎన్నుండాయమ్మా అని బుట్టలత్తను అడిగారు. దారికి సరిపోయేటన్ని ఉండాయి సార్, జేజమ్మ కోసమే గదా అల్లింది అని ఆమె చెప్పింది, నావైపు చూడకుండా.

అప్పుడాయన మా అందరికీ అర్థమయ్యేటట్టు చెప్పారు. ఇట్లాంటి అల్లిక గుడ్డలను ఫ్యాక్టరీలో చేసి పెద్ద రోడ్ల కింద పరుస్తారట, మన కాలేజీ ల్యాబుకు కొనే స్తోమతు కూడా లేదట. మెత్తని మట్టి మీద చాప, చాప మీద ఎర్ర గరుసు. గరుసు బురదలోకి దిగదు, బురద గరుసులోకి ఎక్కదు, పైన పడిన బరువు చాప మొత్తానికీ పంచుకుపోతుంది. బురద పైన చాప పరిస్తే జారతారని నేను చెప్పింది నిజమే. చాపను కింద పరిచి, పైన గరుసు పోసి నడవవచ్చని నాకూ తట్టలేదు, బుట్టలత్తకూ తట్టలేదు. ఆమెకు తట్టకపోవడంలో తప్పు లేదు, ఆమె ఫీజు కట్టలేదు.

ఇక ఆ శనివారం మా సంఘం చేసిన పనిని నేను వర్ణించలేను. ఆడవాళ్ళు, మగవాళ్ళు పారలతో నా పరుపును గీకి పక్కకు పోశారు. (కుక్కలను పిలుచుకోనిరా పాపా, వాటికి అనుభవముండాది అని టమాటా మామ.) ఆ మాటన్నాయనే తన టమాటా కోత ఆపుకుని, గుట్ట పక్కనుంచి ట్రాక్టరుతో గరుసు తోలాడు. చాపలు ఒకదాని అంచు మీదికి ఇంకొకటి వచ్చేటట్టు పరిచి, నాడాతో కుట్టి, పైన గరుసు పోసి, గుండు తిప్పాం. బుట్టలత్త తన ఎర్ర అంచు మట్టిలోకి పోతుంటే ఒక్క నిమిషం చూసి, పాట ఎత్తుకుంది. పొద్దు గూకేలోపు పని అయిపోయింది. తర్వాత సన్నగా తుంపర మొదలైంది. ఆగమని ప్రార్థన చేయబోయి, మానుకున్నాను. ఎట్లా ఉందో తేలాలంటే వాన పడాలి గదా.

ఆదివారం పొద్దున కూడా చినుకులు ఆగలేదు. జేజి తెల్లచీర కట్టుకుని, కుడిచేతిలో కర్ర, ఎడమ చంకలో గుమ్మడికాయ పెట్టుకుని అరుగు దిగింది. చేయి పట్టుకోబోతే, కర్ర కొంచెం పైకెత్తింది. ఆ కర్ర అర్థం మాకందరికీ తెలుసు. రోడ్డు దాటి దారి మీద అడుగు పెట్టింది. వెనక నేను, మందిరం గడప దగ్గర పాస్టరుగారు, బుట్టలత్త, సగం సంఘం, చేని గట్టు మీద టమాటా మామ. కర్ర, అడుగు, కర్ర, అడుగు. తను ముందు ఏడు పడిన చోటుకు వచ్చింది. అక్కడ ఆగిపోయింది. తల వంచి కిందికి చూస్తూ నిలబడింది. ఒక నిమిషమో, అంతకన్నా తక్కువో. ఇంజనీరింగ్ నాలుగేళ్ళలో అంత పొడుగు నిమిషం నేను చూడలేదు. గరుసు కుంగిందా, కాలు దిగబడిందా, తుంటి పట్టేసిందా అని లక్ష అనుకుని, ఏమైంది జేజీ అని అడిగాను.

"ఏం కాలే. సెప్పు యాడ పాయనో అని సూస్తాండా." కాలు కొంచెం ఎత్తి చూసుకుంది. "ఉండాది. కాల్లోనే ఉండాది."

నడిచింది. గడప దాకా నడిచి, మెట్లెక్కి, ఎవరికీ ఇవ్వకుండా గుమ్మడికాయను తనే దేవుని ముందు పెట్టి, తన పాత చోట కిటికీ పక్కన కూర్చుంది. పాట మొదలైంది. ఆ రోజు జేజి చరణం ఆలస్యం కాలేదు. సాక్ష్యానికి నన్ను లేవమన్నారు. లేచాను గాని ఏం చెప్పాలో తెలియక, ఈ దారి దేవుడు వేశాడు, స్త్రీల సమాజం అల్లింది, నేను మధ్యలో అడ్డం పడ్డాను అన్నాను. సంఘమంతా నవ్వింది. నీ సదువు గూడా ఉండాదిలే మే, ఆ సారును పిలిచింది నువ్వే గదా అని బుట్టలత్త కూర్చున్న చోటు నుంచే అంది. వేలంలో గుమ్మడికాయను గుమ్మం బయట నిలబడిన టమాటా మామ పాడుకున్నాడు.

తర్వాత నా ప్రాజెక్టు పుస్తకంలో చిటికెడు లెక్క ఒక అధ్యాయం, చేటల లెక్క ఒక అధ్యాయం, చాపల లెక్క ఒక అధ్యాయం రాయించారు రోకలి సార్. పరీక్షకు బయటి నుంచి వచ్చినాయన ఈ అల్లిక ఏ కంపెనీదని అడిగితే, మా అత్తదండీ అన్నాను. ఉద్యోగం వచ్చాక కుప్పం చుట్టూ చాలా రోడ్లు చూసుకున్నాను. పని మొదలయ్యే చోట ఎవరైనా పెద్దామె పనులు మానుకుని నిలబడి చూస్తుంటే, ఆమెను ఒక మాట అడగకుండా కొలత టేపు తీయడం నాకు అలవాటు లేదు. కింద పనిచేసే పిల్లలు దాన్ని నా వినయం అనుకుంటారు. అది కుక్కల భయం.

జేజిని నలుగురు మోసిన రోజు కూడా తర్వాత వచ్చింది, ఆమె చెప్పినట్టే. ఆ దారి మీదుగానే మందిరానికి తీసుకుపోయాం. వానలే. ఎవరి చెప్పూ ఇరుక్కోలేదు. ఈ మధ్య ఆ దారికి సిమెంటు వేసేముందు నీళ్ళ పైపు కోసం తవ్వితే, గరుసు కింద చాప అట్లాగే ఉంది, ఎర్ర అంచుతో సహా. ప్లాస్టిక్ మట్టిలో కరగదని లోకమంతా బాధపడుతుంది, నేనూ పడతాను. ఆ ఒక్క చోట మాత్రం దేవుడు నన్ను క్షమించుగాక. తవ్వినవాళ్ళు తెగ్గొట్టిన జానెడు ముక్క తెచ్చుకుని కడిగి, దండెం మీద క్లిప్పు పెట్టి ఆరేశాను. అది గాలికి ఊగుతుంటే, చేట పట్టుకుని, నిండా నమ్మకంతో, గోతాలకు గోతాలు మట్టిలో కుమ్మరిస్తున్న ఆ ఇరవై ఒక్కేళ్ళ పిల్ల కనిపించి నవ్వొచ్చింది. ఆపుదామని కూడా అనిపించలేదు. ఆమె అంత తప్పు చేయకపోతే ఆ సారు బురదలోకి దిగేవారు కాదు.

చదివినవాళ్ళు నాతో పాటు ఒక్క నిమిషం కళ్ళు మూసుకోండి. ప్రభువా, చిటికెడు చాలిన చోట చేట పట్టుకునే మాలాంటివాళ్ళను ఓర్చుకో. మేము వద్దన్న పనిని మూలన భద్రంగా దాచిపెట్టే చేతులను దీవించు. ఈ పూట అరుగు మీదే కూర్చుని, సగం చరణం ఆలస్యంగా పాడుతున్న ప్రతి మనిషికీ నీ గడప దాకా గట్టి నేల దయచేయి. వాళ్ళ చెప్పులు వాళ్ళ కాళ్ళకే ఉండనివ్వు. ఆమెన్.